రెంటిలో పనిచేసేది ఏది?

గడియారాల మేస్త్రీకి లోకంలో ఒకటే వేదవాక్కు: ఒకసారికి ఒకే మర ముట్టుకోవాలి. రెండు కలిపి కదిపితే బాగుపడినా, చెడినా కారణం తెలియదు. నడుస్తున్న వాచీకి నూనె వేయించని గిరాకీలంటే మాత్రం అతనికి ఒళ్ళుమంట.

అటువంటివాని వేళ్ళను కీళ్ళవాతం పట్టింది. ఒంటికి కావలి కాయవలసిన శక్తులే, ముసలం పుట్టిన యాదవుల వలె, సొంత కీళ్ళపై విరుచుకుపడే జబ్బు. తెల్లవారేసరికి కణుపులు ఉబ్బి పట్టకారు చేతిలో నిలిచేది కాదు. డాక్టరమ్మ మొదట వారానికొక మాత్ర ఇచ్చింది, సగం నెమ్మదించింది. ఆపైన మాత్రకు తోడుగా ఇంజెక్షను చేర్చింది. కొన్ని నెలలకు వెంట్రుకంత స్ప్రింగు మళ్ళీ అతని వేళ్ళ మాట విన్నది.

సుఖపడవలసినవాని మనసును అక్కడే అనుమానపు పురుగు తొలిచింది.

"అక్కా, ఈ రెంటిలో పనిచేస్తున్నది ఏదంటావ్?"

గిరాకీల వాచీలు తుడుస్తున్న అక్కయ్య తల ఎత్తలేదు. "తిన్నది అరుగుతోందిగా. ఏ పన్ను నమిలిందో నీకెందుకురా?"

"మాత్రతో సగమేగా తగ్గింది! మిగతాదంతా ఇంజెక్షను పుణ్యమే. మాత్ర దండగ కాదూ?"

"డాక్టరమ్మనడుగు."

అడగలేదు. ఇంజెక్షను ఉంచుకుని, మాత్ర ఒక్కటీ మాని చూశాడు. మొదట ఏమీ కాలేదు, 'చూశావా!' అన్నట్టు అక్కయ్య ఎదుట మెటికలు విరిచాడు. కొన్నాళ్ళకు ఉదయపు బిగువు తిరిగివచ్చింది. ఒకనాడు ఒక పాత వాచీ విప్పుతుండగా పట్టకారు జారి, చక్రం నేలపాలయింది. అక్కయ్య మోకాళ్ళమీద వంగి దానిని వెదికి తీసి, తమ్ముని ముఖం చూసింది. ఆ చూపుకు నిజం బయటపడింది.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ నిట్టూర్చింది. "మేస్త్రీగారూ, ఇంజెక్షను మందును కూడా మీ ఒళ్ళు పరాయిదే అనుకుంటుంది. దాన్ని పట్టి కట్టేసే యాంటీబాడీలను తయారుచేసుకుంటుంది. అవి పుట్టకుండా చూసేది ఆ మాత్రే. వాతం మీద తన పని తను చేస్తూనే, ఇంజెక్షనుకు కాపలా కూడా కాస్తోంది."

"అంటే... ఇక ఇంజెక్షను పనిచేయదా? నా చేతులు?"

"యాంటీబాడీలు పుట్టాయి, కానీ కొద్దిగానే. మాత్ర మళ్ళీ వేసుకుంటే అణగొచ్చు. తప్పకుండా అని చెప్పలేను."

వెంట వచ్చిన అక్కయ్య ఊరుకోలేదు. "నడుస్తోంది కదా అని నూనె వేయించనివాళ్ళని రోజూ తిడతావే! నూనె ముల్లు తిప్పుతుందట్రా? అది లేకుంటే ముల్లు ఆగదూ?"

మేస్త్రీ మాత్రల చీటీ అందుకున్నాడు.

మాత్ర మళ్ళీ మొదలైంది. చాలా వారాలు బల్లమీద ఆ చక్రం గాజుమూత కింద ఎదురుచూసింది. ఒక ఉదయం అతడు దానిని ఎత్తి ఇరుసున నిలిపాడు, పట్టకారు జారలేదు. వాచీ టిక్కుమంది.

తర్వాతిసారి అక్కయ్యతో వెళ్ళినప్పుడు అతడు డాక్టరమ్మను ఉత్సాహంగా అడిగాడు: "అసలు ఆ మాత్ర యాంటీబాడీలను పుట్టకుండా ఎలా ఆపుతోందమ్మా?"

"పూర్తిగా మాకూ తెలీదు. ఇంకా వెదుకుతూనే ఉన్నాం."

అక్కయ్య గతుక్కుమని తమ్ముని వంక చూసింది.

"భయపడకే అక్కా," అన్నాడతడు. "ఈసారి వెదకడం వాళ్ళ వంతు, మింగడం నా వంతు."