అమలమ్మ నెగటివ్

ఇశ్రాయేలు తీసే ఫొటోలకి హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ దాకా అంత పేరు రావడానికి కారణం నేను. అతన్ని నిలువునా ముంచాలని ఏళ్ల తరబడి కాచుకుని కూర్చున్నదీ నేనే. ఎలాగో చెబుతాను.

మా అమ్మ అమలమ్మ తొంభై ఆరు ఎండాకాలంలో పోయింది. బతికుండగా ఒక్క ఫొటో దిగలేదు. కెమెరా కనబడితే కొంగు అడ్డం పెట్టుకుని, "ఈ మొహానికి ఫొటో ఒకటే తక్కువా?" అనేది. కాబట్టి శవపెట్టె మూసేముందు తీసే ఫొటో ఒక్కటే మాకు దిక్కు. మా క్రైస్తవుల్లో అది తీయించడం తప్పనిసరి. మొహం కనబడేలా పెట్టెని తలవైపు ఎత్తిపెట్టి, చుట్టూ బంధువులంతా నిలబడతారు. ఫొటోగ్రాఫరు అయిందన్నాకే మూత వేస్తారు. జంక్షన్‌లో స్టూడియో పెట్టుకున్న ఇశ్రాయేలు వచ్చి తీశాడు.

ఫొటోలు చేతికొచ్చాక చూస్తే అంతా ఎరుపు. అమ్మకి కట్టిన తెల్లచీర ఎరుపు, మల్లెపూలు ఎరుపు. పుట్టి బుద్ధెరిగి బొట్టు పెట్టుకోని మనిషి మొహం నిండా కుంకం పులిమినట్టుంది. "అత్తయ్య పెద్ద ముత్తయిదువలా ఉందే" అని మా పెద్దమ్మ కోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకింకా వినబడుతూనే ఉంది.

స్టూడియోకి వెళ్లి నిలదీశాను.

"షామియానా ఎర్రది కదమ్మా, ఆ రంగు కొట్టింది. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు ఇశ్రాయేలు.

ఆ రోజు మేం వేసింది తాటాకు పందిరి.

"పోనీ నెగటివ్ ఇవ్వండి."

"నెగటివ్‌లు బయటికివ్వమండీ" అని కర్టెన్ లాగేసుకుని లోపలికి పోయాడు.

ఆ తర్వాత నాకు విజయవాడ గవర్నర్‌పేటలో, అష్ఫాక్ భాయ్ కలర్ ల్యాబులో ప్రింట్లు వేసే ఉద్యోగం దొరికింది. కొన్నాళ్లకి ఇశ్రాయేలు రోలు ఒకటి మా ల్యాబుకి వచ్చింది. కడిగితే వింతగా ఉంది. అందరి నెగటివ్‌లూ నారింజ రంగులో ఉంటాయి, ఇది మాత్రం మంచినీళ్లలా తేటగా ఉంది. అష్ఫాక్ భాయ్ దాన్ని ట్యూబులైటుకి ఎత్తిపట్టి నవ్వాడు.

"ఇది విమానం ఫిలిం, హన్నా. పైనించి పొలాలు, కాలవలు ఫొటో తీస్తారే, ఆ సర్వేవాళ్లది. డేటు అయిపోయాక వేలంలో అమ్మేస్తారు. జానెడు వెడల్పుంటుంది. ఈయన దాన్ని చీకట్లో పీలికలుగా కోసి, మామూలు ఫిలిం రోలు వెనకుండే కాగితానికి చుట్టి కెమెరాలో పెడతన్నాడు."

"మరి దాంట్లో ఫొటో సరిగ్గా వస్తదా భాయ్?"

"బ్రహ్మాండంగా వస్తది. కాకపోతే మన మెషీను నారింజ రంగు ఉంటుందనుకుని ప్రింటేస్తది. అది లేకపోతే అంతా ఎర్రగా కొడతది. లోపం ప్రింటుదే, నెగటివ్‌ది కాదు."

అంటే అమ్మ పాడైపోలేదు. తెల్లచీరలో తెల్లగానే ఉంది, ఇశ్రాయేలు దగ్గర. చూపిస్తే గుట్టు రట్టవుతుందని దాచుకున్నాడు. గట్టిగా అడిగితే భయపడి తగలబెట్టినా పెడతాడు. ఆ నెగటివ్ నాకు కావాలి. దాంతో పాటు అతని పరువు కూడా కావాలి.

అందుకని అతనికి మేలు చెయ్యడం మొదలుపెట్టాను. కడిగిన మామూలు ఫిలిం చివర బొమ్మ పడని నారింజ ముక్క మిగులుతుంది. దాన్ని అతని నెగటివ్ మీద ఆనించి ప్రింటు వేశాను. పెళ్లికూతుళ్ల మొహాలు కళకళలాడిపోయాయి. పాపం, ఇశ్రాయేలు పొంగిపోయాడు. నేనెవరో గుర్తుపట్టలేదు. "మా హన్నమ్మ చెయ్యి పడితే చాలండీ" అని అందరికీ చెప్పుకునేవాడు. నేను మర్యాదగా నవ్వేదాన్ని. అసలు ఫిలిం కొనడం పూర్తిగా మానేశాడు. గిరాకీ ఊళ్లు దాటింది. పైకెక్కనీ, ఇంకా ఎక్కనీ, పడ్డప్పుడు గట్టిగా తగలాలి అనుకున్నాను.

రెండు వేల ఒకటిలో అతని తల్లి శౌరమ్మ పోయింది. పెట్టె పక్కన నిలబడి తనే ఫొటోలు తీసి, వాచిపోయిన కళ్లతో రోలు తెచ్చిచ్చాడు. "మా అమ్మ, హన్నమ్మా. జాగ్రత్త" అన్నాడు. నారింజ ముక్క పెట్టకుండా వేస్తే చాలు, నాకు జరిగిందే అతనికీ జరుగుతుంది. ఆ రోజు కోసమే కదా బతికాను.

కడిగి చూస్తే నెగటివ్ నారింజ రంగులో ఉంది.

అసలు ఫిలిం. తన తల్లికి కొత్త డబ్బా కొన్నాడు. మా అమ్మకి వేలం పీలిక చుట్టాడు. తేడా తెలిసే చేశాడన్నమాట! ఒళ్లంతా మంటెత్తింది. ఉన్న నారింజ మీద ఇంకో నారింజ ముక్క ఆనించి ప్రింటు కొట్టాను. ఎరుపు విరిగిపోయి నీలం తిరిగింది. శౌరమ్మ బందరు కాలవలో తేలిన శవంలా వచ్చింది.

సాయంత్రం కౌంటరు నిండా జనం ఉన్నప్పుడు కవరు చేతికిచ్చాను. విప్పి చూసి ఇశ్రాయేలు గావుకేక పెట్టాడు.

"ఏంటిది హన్నమ్మా! ఇది అసలు ఫిలిమమ్మా! ఆ ఫిలిం కాదిది, మా అమ్మ కోసమని కొత్తది కొన్నా!"

కూతురి పెళ్లి ఫొటోల కోసం గుడివాడ నుంచి వచ్చిన అంతోని గారు తలెత్తారు.

"ఆ ఫిలిం అంటే ఏ ఫిలిం? మా అమ్మాయి పెళ్లికి ఏది పెట్టావయ్యా?"

నేను అంతోని గారి నెగటివ్, శౌరమ్మ నెగటివ్ పక్కపక్కన ట్యూబులైటుకి పట్టి, ఏది ఏమిటో అందరికీ వినబడేలా చెప్పాను. అక్కడ ఇంకో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు కూడా ఉన్నారు. ఇక ఆ కబురు జంక్షన్ చేరడానికి బస్సు కూడా అక్కర్లేదు.

"అమలమ్మ నెగటివ్ తెచ్చివ్వండి. అప్పుడు మీ అమ్మని ఇస్తాను" అన్నాను.

"ఏ అమలమ్మ?"

నటన కాదు. నిజంగానే గుర్తు లేదు. నా ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్లూ నేను మోసిన మనిషి అతని మనసులో లేనే లేదు.

"చావులవన్నీ ఒకే డబ్బాలో పడేస్తానమ్మా. ఎవరెవరో నాకు తెలవదు" అన్నాడు.

"ఆ డబ్బానే తీసుకురండి."

మర్నాడు బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి వెతికాను. అమ్మ దొరికింది. ప్రింటు వేశాను. తెల్లచీర తెల్లగా, నుదురు శుభ్రంగా, నిద్రపోతున్నట్టుంది. మెషీను పక్కనే కూలబడి ఏడ్చాను.

తర్వాత మొహం కడుక్కొచ్చి అతని నెగటివ్ అతనికిచ్చేశాను.

"మీది అసలు ఫిలిం. ఏ ల్యాబులో ఇచ్చినా మీ అమ్మ చక్కగా వస్తుంది."

అది తీసుకుని, డబ్బా కోసం చెయ్యి చాపాడు. నేను డబ్బా మీద చెయ్యి వేశాను.

"ఇది ఇవ్వను. వీళ్లందరికీ నాతో పనుంది."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఒక ఊరి చర్చికి వెళ్లి ప్రింట్లు చూపించి, గుర్తుపట్టినవాళ్లకి వాళ్ల చనిపోయినవాళ్లని అసలు రంగుల్లో చేతుల్లో పెట్టాను. ఎందుకు ఎర్రబడ్డారో, ఎవరు ఎర్రబరిచారో కూడా వివరంగా చెప్పాను. జంక్షన్‌లో స్టూడియో బోర్డు దిగిపోయింది. మా పాస్టరు గారు నన్ను పక్కకి పిలిచారు.

"చాలమ్మా హన్నా. ఇక క్షమించు."

"డబ్బా ఖాళీ అవనివ్వండి, చూద్దాం" అన్నాను.