రాబోయే అమ్మాయికి నలభై ఒక్క సలహాలు

డ్రైవింగ్ స్కూల్లో ఆవిడను అందరూ మేడం అనేవారు. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ కూర్చునేది నేర్చుకునేవాళ్ల పక్క సీటులో. ఆవిడ కాలి కింద విడిగా ఇంకో బ్రేకు ఉండేది. స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా, బండి ఆగేది మాత్రం ఆవిడ తొక్కినప్పుడే. ఇన్నేళ్లలో ఆ బండికి ఒక్క గీత పడలేదు. ఈ సంగతి ఆవిడ తనంతట తాను ఎవరికీ చెప్పుకునేది కాదు. అడిగితే మాత్రం తారీఖులతో సహా చెప్పేది.

పిల్లలు పుట్టలేదు. దత్తతకు దరఖాస్తు పెట్టి నాలుగేళ్లయింది. ఆడపిల్ల కావాలని, ఏడాదిలోపు పసిపిల్లయితే మేలని అందులో రాశారు. ఆ నాలుగేళ్లూ మేడం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒకరి పాఠం అయిపోయి ఇంకొకరు వచ్చేలోపు, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, రాబోయే అమ్మాయికి సలహాలు రాసేది.

"వెనకనుంచి ఎవరైనా హారన్ కొడుతున్నారంటే తొందర వాళ్లది, నీది కాదు."

"మలుపులో కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించు. చదువుకైనా పెళ్లికైనా ఇదే."

"అంతా తెలుసు అనేవాడి పక్కన కూర్చోకు. తప్పనిసరై కూర్చుంటే బెల్టు పెట్టుకో."

భర్త ఊళ్లోని పళ్ల డాక్టర్లందరికీ కట్టుడు పళ్ల సెట్లు చేసిచ్చేవాడు. మెతక మనిషి. ఒకరోజు ఆ నోటుబుక్కు చదివి, "ఆలూ లేదు, చూలూ లేదు..." అని మొదలుపెట్టాడు. ఆలు ఎదురుగానే కూర్చుని ఉండటం చూసి మిగతాది మింగేశాడు.

"ఇరవై రెండోది బాగుంది," అన్నాడు బదులుగా.

"అది మిమ్మల్ని చూసి రాసిందే," అంది మేడం.

రివర్స్ చేయడం రానివాణ్ణి చేసుకోకు అన్నది ఇరవై రెండోది. ఆయన సొంత ఇంటి గేటు స్తంభాన్ని రెండుసార్లు గుద్దాడు.

సలహాలు నలభై ఒకటి అయ్యాక దత్తత కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది.

"పసిపిల్లలు ఇప్పట్లో లేరండీ. తొమ్మిదేళ్ల అమ్మాయి ఉంది. వచ్చి చూస్తారా?" అంది అధికారిణి.

మేడం నోటుబుక్కు తెరిచింది. మొదటి పదకొండు సలహాలూ పాకడం గురించి, దొరికినదల్లా నోట్లో పెట్టుకోకపోవడం గురించి. వాటిమీద అడ్డంగా గీత కొట్టింది.

"వస్తాం," అంది.

అమ్మాయి సన్నగా, నిటారుగా ఉంది. అనాథాశ్రమం ఆఫీసు గదిలో దంపతులు ఎదురుగా కూర్చున్నారు. భర్త అలవాటు కొద్దీ ముందు పళ్లు చూశాడు.

"పై వరుస చక్కగా ఉందమ్మా," అన్నాడు.

అమ్మాయి నోరు మూసుకుంది. అరగంట దాకా తెరవలేదు. వాళ్లు లేచి వెళ్లబోతుంటే మేడంను అడిగింది.

"మీకు కారుందా?"

"స్కూలుది ఉంది."

"వెనక కూర్చోనిస్తారా?"

"బెల్టు పెట్టుకుంటే."

అమ్మాయి ఆలోచించుకుని, సరేనంది. మూడు వారాల తర్వాత ఒక సంచీతో ఇంటికి వచ్చింది. ఆయన్ని పళ్ల సార్ అని, ఆవిణ్ణి మేడం అని పిలిచేది. బలవంతపెట్టొద్దని అధికారిణి ముందే చెప్పింది కాబట్టి ఇద్దరూ ఆ పిలుపులకే పలికేవారు.

మొదటి ఆదివారం భోజనాలయ్యాక మేడం మిగిలిన ముప్పై సలహాలూ చదివి వినిపించింది. అమ్మాయి చేతులు కట్టుకుని చివరిదాకా విన్నది.

"ఇవి ఎవరికి రాశారు?"

"నీకే."

"అప్పటికి నేను మీకు తెలీదుగా."

"తెలీదు."

"మరి నాకెలా సరిపోతాయి?"

ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ మేడంను ఇంత సూటిగా నిలదీయలేదు. 

"వదులైనవి మడతేసుకుని వాడుకో," అంది.

"పదహారోది నాకు ముందే తెలుసు," అంది అమ్మాయి. "ఆశ్రమంలో అందరికీ తెలుసు."

'నిన్ను తీసుకెళ్తానని చెప్పినంత మాత్రాన ఎవరికోసమూ గుమ్మంలో నిలబడి ఎదురుచూడకు' అన్నది పదహారోది. పెళ్లిచూపులను దృష్టిలో పెట్టుకుని రాసింది. మేడం నోటుబుక్కు మూసి, గిన్నెలు కడగడానికి లేచింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

మూడు నెలలు గడిచాయి. సెలవురోజుల్లో అమ్మాయి బండిలో వెనక కూర్చునేది. మాట్లాడేది కాదు, నవ్వేది కాదు. ఒక శనివారం పాఠానికి రిటైరైన హెడ్మాస్టరు వచ్చాడు. గేరు పడకపోతే ఆయనకు పాత రోజులు గుర్తొచ్చాయి. గేరు కర్రను చూసి, "వెధవా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు? గోడకుర్చీ వేయిస్తాను," అన్నాడు.

వెనకనుంచి నవ్వు వినిపించింది. పకపకమని, ఆపుకోలేని నవ్వు.

మేడం వెనక్కి తిరిగి చూసింది. అలా చూస్తూనే ఉండిపోయింది. ఆలోపు హెడ్మాస్టరు బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కాడు. బండి నింపాదిగా పేవ్‌మెంటు ఎక్కి, సెలూను ముందున్న బోర్డును పడగొట్టి, గోడకు జానెడు దూరంలో ఆగింది. అప్పటికి మేడం కాలు బ్రేకు మీదికి వచ్చింది.

సెలూనతను కత్తెరతోనే బయటికొచ్చాడు.

"ఎవరండీ నడిపింది?"

"బండిలోనే ఏదో లోపముంది," అన్నాడు హెడ్మాస్టరు.

వెనక తలుపు తెరుచుకుంది. అమ్మాయి దిగి వచ్చి వాళ్లిద్దరి మధ్య నిలబడింది.

"బండి బానే ఉంది. తాతగారు నేర్చుకుంటున్నారు కాబట్టి ఆయన్ని ఏమీ అనకూడదు. తప్పు మా అమ్మది. ఆవిడకి వేరే బ్రేకుంది. వెయ్యలేదు."

సెలూనతను మేడం వైపు తిరిగాడు. "నిజమేనామ్మా?"

"నిజమే," అంది మేడం. "నూటికి నూరుపాళ్లూ నాదే తప్పు."

అమ్మ అన్న ఆ మాట కోసం ఆవిడ నాలుగేళ్ల మూడు నెలలు ఎదురుచూసింది. అది నేరారోపణలో వస్తుందని అనుకోలేదు. ఏడుపొస్తే ముందు బండి పక్కకు తీసి ఆపాలన్నది ముప్పై మూడో సలహా. బండి ఎలాగూ పక్కకే ఉంది. అందుకని ఆవిడ బానెట్ మీద చెయ్యి ఆనించి కాసేపు ఏడ్చింది.

"బోర్డుకేనా ఇంత ఏడుపు?" అన్నాడు సెలూనతను కంగారుగా. "పాతదేనమ్మా. రెండు మేకులు కొడితే నిలబడుతుంది."

"నా పాఠం ఇంకా ఇరవై నిమిషాలుంది," అని గుర్తుచేశాడు హెడ్మాస్టరు.

ఆయన్ని అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టారు. మేడం బోర్డు పట్టుకుంది, సెలూనతను మేకులు కొట్టాడు, అమ్మాయి ఒక్కో మేకూ అందించింది. బోర్డు కొంచెం వంకరగా నిలబడింది. అమ్మాయి లోపలి అద్దాల వైపు తొంగిచూస్తుంటే, జుట్టు కళ్లలో పడుతోందిగా, కత్తిరించనా అని అడిగాడతను. అమ్మాయి వెళ్లి పెద్ద కుర్చీలో కూర్చుంది. కాళ్లు కిందికి అందలేదు.

"ఎంత తీయమంటారు?" అని అతను మేడంను అడిగాడు.

ఆవిడకు దాని గురించి గట్టి అభిప్రాయమే ఉంది.

"దాన్నే అడగండి," అంది.

అమ్మాయి చెవి దగ్గర వేలు పెట్టి చూపించింది. అది బాగా ఎక్కువ. మేడం పక్క కుర్చీలో కూర్చుని, కుడికాలు నేలకేసి గట్టిగా అదిమిపెట్టింది. అతను కత్తెర తీసుకున్నాడు.