పొదగని కోళ్లు

లారస్ అమ్మగారు మా ఊరి చివర కోళ్ల పరిశోధన కేంద్రంలో ఒక్కరే ఉండేవారు. గుడ్లు ఎక్కువగా పెట్టే నాటుకోడిని తయారు చేయడమే ఇన్నేళ్లుగా ఆవిడ పని. పొదగడానికి కూర్చున్న కోడి గుడ్లు పెట్టడం మానేస్తుంది. అందుకని అలా కూర్చున్న ప్రతి కోడినీ మందలోంచి తీసి సంతకు పంపేవారు. బడి అయ్యాక నేను వెళ్లి నీళ్ల తొట్లు కడిగేదాన్ని. ఆవిడ పెద్దగా మాట్లాడేవారు కాదు, నేనూ అంతే.

ఈ ఏడు ఆ కోళ్లను మా ఊళ్లో ఇంటింటికీ పంచారు. ఆడవాళ్లు వాటిని ఉంచుకుంటే జిల్లా అంతా పంచుతారట, లేకపోతే కేంద్రంలో ఉన్న మందనే అమ్మేస్తారట. "ఇవి పొదగవు. గుడ్లను మీ పాత కోడి కింద పెట్టండి," అని అమ్మగారు ప్రతి గుమ్మంలోనూ చెప్పారు. అందరూ తలూపారు.

తర్వాత, కొత్త కోళ్లు వచ్చిన శుభానికి ఊరంతా ప్రార్థన చేసి కలిసి తినే సెలమతన్ విందు చేసుకుంది. కొత్తవి ఉన్నాయి కదా అని అందరూ పాత కోళ్లనే కోశారు. అమ్మగారికీ ఆకులో అన్నం, కూర చుట్టి పంపారు. అది ఏ కోడో ఆవిడ అడగలేదు.

ఎండాకాలం వచ్చేసరికి ఇళ్ల నిండా గుడ్లే, ఒక్క పిల్లా లేదు. మా పక్కింటి దార్మి అత్త తన కొత్త కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టి, పైన బుట్ట బోర్లించి గుడ్డ కప్పింది. కోడి గుడ్లన్నీ తొక్కేసింది. అత్త దాన్ని చంకన పెట్టుకుని కేంద్రానికి వచ్చింది. వెనక ఇంకొంతమంది.

"తీసుకోండమ్మగారూ. మనవడికి పేరు పెట్టే రోజున పుంజును కోయాలి నేను. గుడ్డును కోయనా?"

"పాత కోడి కింద పెట్టమన్నాను కదా దార్మీ."

"దాన్ని మీరూ తిన్నారుగా."

అందరూ నవ్వారు. "పిల్లల్లేని మనిషి పెంచితే కోడికి మాత్రం పిల్లల ధ్యాస ఎక్కడిది," అని వెనక ఎవరో గొణిగారు. ఆవిడకు వినబడింది. నేను తొట్టి కడుగుతూ ఉండిపోయాను.

"వచ్చే సంతదాకా ఆగండి," అన్నారు అమ్మగారు.

ఐదు రోజులకోసారి జరిగే పోన్ సంతకు నన్ను మోటారు సైకిలెక్కించుకుని వెళ్లారు. కోళ్ల వ్యాపారి జుమాది ఆవిడను చూసి ఒక గంప ఖాళీ చేశాడు.

"ఈసారి ఎన్ని తెచ్చారమ్మగారూ?"

"తేలేదు. పొదిగే కోళ్లు కావాలి."

"ఇన్నేళ్లూ వాటినే తెచ్చి నా నెత్తిన పోశారు. ఇప్పుడు మీరే కొంటారా?"

"ఉన్నాయా?"

"మూడున్నాయి. మిగతావి సూపులోకి పోయాయి."

ఆవిడ ఆ మూడూ ఉన్న గంపలో చెయ్యి పెట్టారు. కోడి ఈకలు ఉబ్బించి పొడిచింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఎంత కోపమో చూశావా," అన్నారు నాతో.

ఆ మూడూ దార్మి అత్త ఇంటితో కలిపి మూడిళ్లకు సరిపోయాయి. మిగతా ఇళ్లవాళ్లు కొత్త కోళ్లను తిరిగి పంపేశారు. మూడు వారాలకు మంద కోసం లారీ వచ్చి వెళ్లింది.

ఆ వారమే దార్మి అత్త ఇంట్లో కోడిపిల్లలు లేచాయి. అమ్మగారిని తీసుకురమ్మని అత్త నన్ను పంపింది. "నువ్వు చూసొచ్చి చెప్పు," అన్నారు ఆవిడ.

చూసొచ్చాను. "బాగున్నాయి," అన్నాను. ఇంకేమైనా చెప్తానేమోనని ఆవిడ తలుపు పట్టుకుని నిలబడ్డారు. నేను వెళ్లి ఖాళీ తొట్లు కడగడం మొదలుపెట్టాను.