కాళ్లు చూపించే అద్దం

ఆ కొట్టు ఒకప్పుడు చెప్పుల దుకాణం. ఇప్పుడు అందులో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. గోడలకు కొత్త రంగు పడింది, నేలకు కొత్త పలకలు వచ్చాయి, ఏసీలు వచ్చాయి. చెప్పుల కాలం నాటి వస్తువు మాత్రం ఒకటి మిగిలిపోయింది. డబ్బు కట్టే కౌంటర్‌కు ఎదురుగా, స్తంభం మొదట్లో ఏటవాలుగా ఆనించిన మూరెడు అద్దం. అప్పట్లో కొత్త చెప్పులు తొడుక్కుని జనం అందులో పాదాలు చూసుకునేవారు. ఇప్పుడు ఎత్తు స్టూలు మీద కూర్చున్న క్యాషియర్‌కు అందులో, వచ్చినవాళ్ల కాళ్లు కనిపిస్తాయి.

క్యాషియర్ ముప్పై ఏళ్ల మనిషి. భర్త లేడు. అద్దె ఇల్లు, బడికి వెళ్లే కూతురు, నెల తిరిగేసరికి వచ్చే ఈ జీతం, ఇవే ఆమె సంసారం. నాలుగేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన రోజున సూపర్‌వైజరు ఆమెకు పని నేర్పాడు. ఆయన చొక్కా మీద ఎండాకాలంలో కూడా మడత పడదు కాబట్టి పనివాళ్లు ఆయన్ను చాటుగా ఇస్త్రీ సారు అంటారు.

అక్కడి కార్డులకు రహస్య నంబరు నొక్కే పని లేదు. యంత్రంలో గీకి, కాగితం మీద సంతకం పెడితే చాలు. పారేసుకున్న కార్డు ఎవడి చేతికి చిక్కితే వాడే మారాజు. అందుకని బ్యాంకువాళ్లు ప్రతి కొట్టుకూ ఒక బోర్డు ఇచ్చారు. ‘కార్డుతో డబ్బు కట్టే ప్రతి ఒక్కరూ ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపించవలెను.’ నియమం మంచిదే. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ బోర్డు ఈ కొట్టులో ఎక్కడుందో చూడండి. కౌంటర్ కింద, పాత రసీదు పుస్తకాల వెనక, బోర్లా పడి ఉంది.

“అందర్నీ అడుగుతూ కూర్చుంటే వ్యాపారం సాగదు,” అన్నాడు ఆ రోజు ఇస్త్రీ సారు. “పెద్దమనుషుల్ని అడిగితే చిన్నబుచ్చుకుంటారు, మళ్లీ మన గుమ్మం తొక్కరు. ముందు అద్దంలోకి చూడు. ఎవర్ని అడగాలో కాళ్లే చెబుతాయి.”

ఆమె నేర్చుకుంది. బాగా నేర్చుకుంది. మెరిసే బూటు కనిపిస్తే ‘థాంక్యూ సార్’. పగిలిన మడమ కనిపిస్తే ‘ఐడీ చూపించు’. బూటుకు ‘మీరు’, రబ్బరు చెప్పుకు ‘నువ్వు’. పొట్టకూటి కోసం ఏం చేస్తుంది పాపం అని మీరు అనవచ్చు. మన జాలి ఆమె మీదే ముందు పడుతుంది, ఆమె అడిగిన మనుషుల మీద పడదు. లోకంలో ఇలాంటి అన్యాయాలు నడిచేది మన ఈ ‘పాపం’ మీదే.

ఆ మధ్యాహ్నం అద్దంలో కనిపించినవి రబ్బరు చెప్పులు. వాటి మీద తెల్లటి, నీలం చుక్కలు. ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ పని మధ్యలో భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కుడి మణికట్టుకు పట్టీ ఉంది. ఆపరేషన్ అయింది, ఇక బట్టలు పిండకూడదని డాక్టరు చెప్పాడు. ఇంట్లో చూస్తే రంగుల మేస్త్రీ బట్టలు, ముగ్గురు పిల్లల బట్టలు. వాళ్లు ఆ కొట్టులో ఒక వాషింగ్ మెషీన్‌ను అప్పటికే మూడుసార్లు చూసి వెళ్లారు. ఈసారి కొనడానికే వచ్చారు. భర్త కౌంటర్ దగ్గరికి వచ్చినా, భార్య మాత్రం మెషీన్ మూత మీద ఎడమ చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడింది. మధ్యలో ఇంకెవరైనా తన్నుకుపోతారేమోనని ఆమె భయం.

మేస్త్రీ చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి కార్డు తీసి, రెండు చేతులతో ఇచ్చాడు. పదకొండేళ్లు ఒకే బ్యాంకులో పొదుపు చేసినందుకు బ్యాంకువాళ్లు ఇచ్చిన కార్డు అది. దాన్ని వాడడం అదే మొదలు.

“ఐడీ చూపించు,” అంది క్యాషియర్.

చూపించాడు. ఆమె కార్డు మీద పేరును, ఐడీ మీద పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పేరు కలిసింది. ఫోటోలో మాత్రం మీసం ఉంది, మనిషికి లేదు. ఈలోగా ఇస్త్రీ సారు రానే వచ్చాడు.

“ఇందులో ఉన్నది నువ్వేనా?”

“నేనే సార్. పన్నెండేళ్ల కిందటి ఫోటో.”

“ఈ కార్డు నీకెలా వచ్చింది?”

“బ్యాంకువాళ్లు ఇచ్చారు సార్.”

“నీకు ఇచ్చారా?” ఇస్త్రీ సారు కార్డును కౌంటర్ మీద పడేసి, అరచేయంత కాగితం ముందుకు తోశాడు. “సంతకం పెట్టు. మళ్లీ పెట్టు. ఇంకోసారి.”

పొద్దుట్నుంచీ కుంచె పట్టిన చెయ్యి. పైగా నలుగురూ చూస్తున్నారు. మూడు సంతకాలూ మూడు దారులు పట్టాయి. “ఇంకేమైనా కాగితాలు ఉన్నాయా?” అంటే మేస్త్రీ సంచిలో ఉన్నదంతా కౌంటర్ మీద పోశాడు. కుంచెలు, కొలత టేపు, కరెంటు బిల్లు, టిఫిన్ డబ్బా, కూతురి మార్కుల కాగితం. వెనక వరుసలో ఎవరో నవ్వారు.

వరుసలో మేస్త్రీ వెనకే ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. క్యాషియర్ అద్దంలో ఆయన బూట్లు చూసింది. ముదురు గోధుమ రంగు తోలు, పక్కన ఇత్తడి బకిల్. “సారీ సార్, వీళ్ల వల్ల మీకు ఆలస్యం,” అన్నాడు ఇస్త్రీ సారు. “పర్లేదండీ. జాగ్రత్త మంచిదే, రోజులు బాగాలేవు,” అంటూ ఆయన తన చేతిసంచి తెచ్చి మేస్త్రీ కాగితాల మీదే పెట్టాడు.

మేస్త్రీ భార్య మెషీన్ వదిలి వచ్చింది. “మేం కొనడానికి వచ్చాం సార్, ఎత్తుకుపోవడానికి కాదు,” అంది. ఆమె గొంతు పైకి లేవలేదు. పట్టీ కట్టిన చేత్తోనే సామానంతా సంచిలోకి తోసి, భర్త భుజం పట్టుకుని బయటికి నడిచింది. క్యాషియర్ తరువాతి బిల్లు చూసే పనిలో పడింది. బకిల్ బూట్ల పెద్దమనిషి ఏదో గుర్తొచ్చిందని, మళ్లీ వస్తానని, తన చేతిసంచి తీసుకుని వెళ్లిపోయాడు. సంచితో పాటు దాని కింద ఉన్న కార్డు కూడా వెళ్లిపోయింది.

ఆయన అన్న మాట తప్పలేదు. మర్నాడే మళ్లీ వచ్చాడు. ఊరంతా కొట్లు ఉండగా అక్కడికే ఎందుకు వచ్చాడంటారా? అక్కడ తనను ఎవరూ ఏమీ అడగరని ఆయన ముందురోజు కళ్లారా చూశాడు. దొంగలకు మనకన్నా మన గురించి బాగా తెలుసు. ఉన్నవాటిలో ఖరీదైన ఫోన్లు రెండు ఏరుకుని, కార్డు చేతికిచ్చాడు. క్యాషియర్ అద్దంలోకి చూసింది. తోలు, బకిల్. కార్డు గీకింది. ముందురోజు నాలుగుసార్లు చదివిన అదే పేరు ఆమె వేళ్ల మధ్యలోంచి వెళ్లి, తిరిగి వచ్చింది. ఆమె దాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. ఆయన పాము మెలిక లాంటి గీత ఒకటి గీశాడు. అది సంతకమట. “థాంక్యూ సార్, మళ్లీ రండి,” అంది ఆమె.

మూడో రోజు పొద్దున్నే మేస్త్రీ, భార్య మళ్లీ వచ్చారు. ఫోన్లు కొన్నట్టు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చాకే, కవరులో కార్డు లేదని వాళ్లకు తెలిసింది. ముందురోజే పనులు మానుకుని ఇద్దరూ బ్యాంకు చుట్టూ తిరిగారు. బ్యాంకు ఒక ఫారం ఇచ్చి, కొట్టువాళ్లతో నింపించుకుని రమ్మంది. అందులో అసలైన గడి ఒక్కటే. ‘కార్డు ఇచ్చిన వ్యక్తి ఫోటో గుర్తింపు చూశారా?’ చూడలేదని రాస్తే నష్టం కొట్టుది. చూశామని రాస్తే కార్డు సొంతదారే వాడినట్టు లెక్క, ఆ రెండు ఫోన్ల డబ్బూ మేస్త్రీయే కట్టుకోవాలి.

కొట్టులో కెమెరా ఉంది. అయితే అది కౌంటర్ వైపు చూడదు. పనివాళ్లు ఇంటికి పోయేటప్పుడు సంచులు తెరిచి చూపించే చోటు వైపు తిప్పి ఉంటుంది.

“వీళ్లే ఎవరికో ఇచ్చి కొనిపించి ఉంటారు,” అన్నాడు ఇస్త్రీ సారు, వాళ్లు ఎదురుగా ఉండగానే. “ఇలాంటివి నేనెన్ని చూడలేదు. ఏమ్మా, ఇలా రా. చూశామని రాసి సంతకం పెట్టు.”

క్యాషియర్ స్టూలు దిగి, చుట్టూ తిరిగి కౌంటర్ ఇవతలికి వచ్చింది. నాలుగేళ్లలో ఆమె కొనేవాళ్ల వైపు నిలబడడం అదే మొదటిసారి. కలం చేతిలోకి తీసుకుంది.

“వాణ్ణి చూసింది నువ్వే కదా తల్లీ,” అన్నాడు మేస్త్రీ మెల్లగా. “మొహం ఎలా ఉంటుందో చెప్పమ్మా. పోలీసులకు చెప్పుకుంటాం.”

ఆమె గుర్తు తెచ్చుకోబోయింది. కళ్లజోడు ఉందా? జుట్టు నెరిసిందా? మీసం ఉందా, లేదా? ఏమీ రాలేదు. ఎంత తవ్వినా గోధుమ రంగు తోలు, ఇత్తడి బకిల్, అంతే. అప్పుడు గాని ఆమెకు తట్టలేదు, ఆ బూట్లు తాను రెండుసార్లు చూశానని. మొదటిసారి ఇదే మేస్త్రీ వెనక.

“మొహం గుర్తులేదు,” అంది. “బూట్లు గుర్తున్నాయి. మొన్న మీ వెనకాల నిలబడ్డవాడే. మీ కాగితాల మీద సంచి పెట్టినవాడే.”

మేస్త్రీ భార్య ముందుకు వచ్చింది.

“ఐడీ అడిగారని నాకు కోపం లేదమ్మా. అడగాల్సిందే. మా కార్డును కాపాడేది ఆ మాటే. మమ్మల్ని అడిగినట్టు వాణ్ణి కూడా అడిగుంటే ఈపాటికి మా కార్డు మా దగ్గరుండేది. మీరు కాపలా కోసం అడగలేదు. మమ్మల్ని తక్కువ చెయ్యడానికి అడిగారు. కాపలా అయితే వాడి ముందు ఎందుకు నిద్రపోయింది?”

“ఉపన్యాసాలు తరవాత,” అన్నాడు ఇస్త్రీ సారు. “నువ్వు రాయి.”

క్యాషియర్ తల వంచింది. ఎదురుగా స్తంభం మొదట్లో అద్దం. అందులో రెండు పాదాలు కనిపించాయి. ఎడమ చెప్పు తెగి, పిన్నీసుతో నిలబడి ఉంది. మడమలు బీటలు వారి ఉన్నాయి. కొట్టువాళ్లు ఆమెకు యూనిఫాం ఇచ్చారు, చెప్పులు ఇవ్వలేదు. ఆ పాదాలు ఎవరివో తెలియడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. ఇవే కాళ్లు రేపు కార్డు పట్టుకుని వస్తే, ఇదే స్టూలు మీద నుంచి తాను ఏమంటుందో ఆమెకు తెలుసు. ఒళ్లు మండిపోయింది. ఇస్త్రీ సారు మీద కన్నా తన మీదే ఎక్కువ మండింది.

‘ఫోటో గుర్తింపు చూడలేదు’ అని రాసింది. గడిలో చోటు మిగిలితే, ‘బూట్లు చూసి వదిలేశాము’ అని కూడా రాసి, కింద సంతకం పెట్టి, ఇస్త్రీ సారు చెయ్యి పడకముందే ఆ కాగితాన్ని మేస్త్రీ భార్యకు అందించింది.

“తీసుకెళ్లండక్కా. నాలుగేళ్లుగా ఇదే చేస్తున్నాను. క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు.”

మేస్త్రీ భార్య క్షమించానని అనలేదు. కాగితం జాగ్రత్తగా మడిచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ వాషింగ్ మెషీన్ వైపు ఒకసారి చూసింది, కానీ దగ్గరికి పోలేదు. మెషీన్ ఇంకో కొట్టులోనూ దొరుకుతుంది.

ఇస్త్రీ సారు గొంతు తగ్గించి, పళ్లు బిగించి మాట్లాడాడు. “తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు. రేపట్నుంచి రానక్కర్లేదు. ఇవాళ వేరే మనిషి లేడు కాబట్టి సాయంత్రం దాకా కూర్చో.”

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. ఆ కొట్టులో దొరికింది ఆమె. దొరలిద్దరిలో ఒకడు కొత్త ఫోన్లతో ఎక్కడో ఉన్నాడు, ఇంకొకడు నలగని చొక్కాతో గల్లాపెట్టె పక్కనే ఉన్నాడు. ఇంటికి వెళ్లి కూతురికి ఏం చెప్పాలో క్యాషియర్‌కు తెలియలేదు. కానీ సాయంత్రం దాకా ఆ స్టూలు ఆమెదే.

ఆమె వంగి, రసీదు పుస్తకాల వెనక నుంచి బోర్డు బయటికి లాగింది. పైటకొంగుతో దుమ్ము తుడిచింది. తీసుకెళ్లి స్తంభం మొదట్లో అద్దానికి అడ్డంగా నిలబెట్టింది. ఇక పాదాలు కనిపించడం లేదు. ‘ప్రతి ఒక్కరూ’ అన్న మాట కనిపిస్తోంది. స్టూలెక్కి కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లనూ మొహంలోకి చూసి అడగడం మొదలుపెట్టింది. కాలేజీ పిల్లల్ని అడిగింది, ముసలాయన్ని అడిగింది, కొట్టు యజమాని బావమరిదిని అడిగింది. అందరికీ ‘మీరు’ అనే అంది.

పొద్దు వాలుతుండగా బంగారు ఫ్రేము కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన కార్డు చాచాడు.

“ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపించండి.”

ఆయన మొహం ఎర్రబడింది. ఇస్త్రీ సారు పరుగున వచ్చాడు. “సార్, సారీ సార్, ఆమెకు తెలీదు,” అన్నాడు. ఆమె కదల్లేదు. కార్డు యంత్రం మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

“నన్ను అడుగుతున్నావా?” అన్నాడు కళ్లజోడు ఆయన. “చూస్తే దొంగలా కనిపిస్తున్నానా నీకు?”

“దొంగ చూడ్డానికి ఎలా ఉంటాడో నాకు తెలీదండీ,” అంది క్యాషియర్. “తెలుసనుకునే నాలుగేళ్లు మంచివాళ్లను అవమానించాను, దొంగకు దణ్ణం పెట్టి పంపాను. అందుకే ఇవాళ అందర్నీ అడుగుతున్నాను.”