ఆగిపోయిన రెప్ప

మూడో కంప్యూటరు పెట్టెకూ ఆమె వంక పెట్టింది.

మొదటిదానికి ఫ్యాను లేదు. పావుగంట వీడియో నడిస్తే వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. రెండోదానిలో మెమరీని బోర్డుకే అతికించారు. తర్వాత పెంచుకునే వీలుండదు. మూడోదానికి తెర తగిలించే చోటు వెనక ఒక్కటే ఉంది. మూడు అభ్యంతరాలూ నిజమైనవే. అవి ఆమెకు అంతగా అక్కరకు రావడానికి కారణం కూడా అదే. అబద్ధపు సాకును ఎవరైనా పట్టుకుంటారు. నిజమైన సాకును పట్టుకోవడానికి ఓపిక కావాలి.

ఆ ఓపిక కొట్టు యజమానికి ఉంది. వయసులో ఉన్నప్పుడు రేడియోలు బాగుచేసినందువల్ల, కంప్యూటర్లు అమ్మడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లయినా వీధివీధంతా ఆయనను రేడియో బాబాయి అనే పిలుస్తుంది.

"చెప్పులు కొనేవాళ్లు కూడా ఒక జతైనా తొడిగి చూస్తారమ్మా," అన్నాడాయన. "నువ్వు నాలుగు రోజుల నుంచి వస్తున్నావు, తొడగవు, వద్దంటావు."

"సంచిలో పట్టాలి బాబాయ్. పెద్ద వీడియోని తడబడకుండా ఆడించాలి. రెండూ ఒకచోట దొరకొద్దూ?"

"ఆడలేక మద్దెల ఓడందిట. మద్దెలలు మూడు చూపించాను. నువ్వు ఆడిందెప్పుడు?"

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది.

ఆమె వీడియోలు ఎడిట్ చేసి బతుకుతుంది. గంటన్నర వీడియోలో ఒక్క తప్పు ఫ్రేము ఉన్నా ఆమె కంట పడవలసిందే. చిన్నప్పుడు సూది పోయినా, బొత్తాము పోయినా ఇంటిల్లిపాదీ ఆమెనే పిలిచేవారు. తమ్ముడు పెట్టిన పేరు డేగ. ఆ పేరు మీద ఆమెకు ఇన్నాళ్లూ చిన్న గర్వం ఉండేది.

తమ్ముడు బస్సు డ్రైవరు. పన్నెండు రోజుల కిందట, మిట్టమధ్యాహ్నం, అతని బస్సు రోడ్డు వదిలి స్టాపులోని ఇనుప స్తంభాన్ని గుద్దుకుంది. కండక్టరు కాలు రెండుచోట్ల విరిగింది. బ్రేకు పడలేదని తమ్ముడు చెప్పాడు. నిద్రపోయాడని కంపెనీ అంది. డ్రైవరు ముఖానికి ఎదురుగా బిగించిన కెమెరా తీసిన వీడియో నకలు ఒకటి నియమం ప్రకారం అతనికి ఇచ్చారు. తెల్లవారితే విచారణ. తమ యంత్రం తామే తెచ్చుకుని, అక్కడి తెర మీద వీడియో చూపించుకోవచ్చు. ఇంట్లో ఉన్న ఆమె పాత యంత్రం బీరువాలో సగం ఉంటుంది. సంచిలో పట్టే పెట్టె కావలసి వచ్చింది అందుకే.

నాలుగు రోజుల కిందట ఆ పాత యంత్రంలోనే వీడియోను ఒక్కసారి చూసింది. స్తంభం తగలడానికి కాస్త ముందు తమ్ముడి రెప్పలు వాలాయి. వాలి, అలాగే ఉండిపోయాయి. ఇంజను రొద వినిపిస్తూనే ఉంది, ఎవరో ప్రయాణికురాలు కేక వేసింది, రెప్పలు మాత్రం లేవలేదు. రెండు సెకన్లు, మూడు. ఆమె ఆపేసింది. మళ్లీ తెరవలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు అడిగితే, "కళ్లు మూసుకున్నావురా. నా కళ్లారా చూశాను," అంది.

అతను వాదిస్తాడనుకుంది. వాదించలేదు. "అయ్యుండొచ్చక్కా. నిద్రపోయినవాడికి తను నిద్రపోయినట్టు ఎలా తెలుస్తుంది? బ్రేకు తొక్కినట్టే గుర్తు. కలలోనూ తొక్కుతాం కదా," అన్నాడు. తన మనసు కంటే అక్క చూపునే ఎక్కువ నమ్మాడు. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. విచారణకు ముందురోజు అయిదింటిలోగా ఇస్తే ఉద్యోగం తీసేసి సరిపెడతారట, కేసు పెట్టరట. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. "కొత్త మిషన్ మీద సరిగ్గా చూసి చెబుతాను, అప్పటిదాకా ఇవ్వకు," అని ఆమె మాట తీసుకుంది.

మిషన్ ఎంత ఆలస్యమైతే ఆ రెప్పలను మళ్లీ చూడవలసిన గడియ అంత దూరం జరుగుతుంది. అది తనకు తెలుసునన్న సంగతిని మాత్రం ఆమె తెలుసుకోకుండా నెట్టుకొస్తోంది.

ఫోను మోగింది. గోడ గడియారంలో నాలుగూ అయిదు.

"డేగమ్మా, కొన్నావా?"

"చూస్తున్నా."

"నీకు నచ్చింది దొరకలేదంటే లోకంలో ఇంకా కంప్యూటర్ పుట్టనట్టే." నవ్వాడు గాని గొంతులో తడి లేదు. "ఆఫీసు గేటు దగ్గరున్నా. అయిదింటికి కిటికీ మూసేస్తారు. ఇచ్చేస్తానక్కా. రోజూ జేబులో పెట్టుకు తిరగలేను."

"ఒక్క అరగంట," అంది.

రేడియో బాబాయి బల్ల మీద రెండు తెరలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి మూడో పెట్టెకు తగిలించాడు, రెండోది తాను చిట్టాలు రాసుకునే ముసలి కంప్యూటరుకు. "ఒకే వీడియో, రెండింటి మీదా. తేడా నువ్వే చూడు," అన్నాడు.

చూరు మీద నుంచి పావురం ఎగిరే వీడియో అది. కొత్తదానిలో పావురం ఎగిరి తెర దాటిపోయింది. పాతదానిలో ఒక్క రెక్క విప్పి గాలిలోనే ఆగిపోయింది. రెక్కల చప్పుడు మాత్రం ఆగలేదు.

"చూశావా? పాపం, శబ్దాన్ని మోయగలదు, బొమ్మను మోయలేదు. బొమ్మ ఎక్కడ ఆగితే అక్కడే."

ఆమె రోజుకు పదిసార్లు చూసి విసుక్కునే విషయం అది. బొమ్మ బిగుసుకుపోయి శబ్దం సాగడం ఆమె వృత్తిలో జలుబు లాంటిది. పరాయివాళ్ల వీడియో అయితే ముందు మూలనున్న గడియారం అంకెలు కదులుతున్నాయో లేదో చూసేది. తమ్ముడి వీడియోలోనూ ఆ అంకెలు ఉన్నాయి. చూసిందా? గుర్తు లేదు. రెప్పలు తప్ప ఏమీ గుర్తు లేదు. చీకట్లో తాడును తొక్కి పామనుకున్నవాడు దీపం తేవడానికే భయపడినట్టు, నాలుగు రోజులు దీపపు దుకాణంలో వత్తులకు వంకలు పెడుతూ కూర్చుంది.

అయితే అది తాడేనని ఎవరు చెప్పారు? నిజంగానే పాము కావచ్చు. ఆశ కలిగాక భయం రెట్టింపయింది.

సంచిలోంచి తమ్ముడి వీడియో ఉన్న డ్రైవు తీసింది. బాబాయి అందుకుని కొత్త పెట్టెకు తగిలించాడు.

వీడియో మొదలైంది. తమ్ముడి ముఖం తెర నిండా. మూడు రోజుల గడ్డం, కణత మీద చెమట. రెప్పలను చూడకూడదని ఆమె నిశ్చయించుకుని మూలనున్న అంకెల మీదే చూపు నిలిపింది. ఏడో సెకను. రెప్పలు వాలాయి. అదే ఏడో సెకను. రెప్పలు లేచాయి. ఎనిమిదో సెకనులో కళ్లు ఇంతింతై రోడ్డును చూస్తున్నాయి. తొమ్మిది, పది: కుడి భుజం కిందికి కుంగింది, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు, ఒంటి బరువంతా కాలి మీద వేసి తొక్కుతున్నట్టు. తర్వాత స్తంభం.

మళ్లీ ఆడించింది. మూడోసారి ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ చూసింది. మూసిన రెప్పలు నాలుగే ఫ్రేముల్లో ఉన్నాయి. మనిషి రెప్ప వేసేందుకు పట్టే కాలం. బాబాయికి సంగతంతా రెండు ముక్కల్లో చెప్పింది.

"కంపెనీవాళ్లు దేనిమీద చూశారట?" అన్నాడు బాబాయి మెల్లగా.

ఆమె ఫోను చేసింది. నాలుగున్నర. తమ్ముడు ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తాడు.

"ఇచ్చావా?"

"లైన్లో ఉన్నా. నా ముందు ఇద్దరు."

"బయటికి రా. నువ్వు నిద్రపోలేదు. అది రెప్పపాటే. మన మిషన్ అక్కడ ఆగిపోయింది, అంతే. మేనేజరు గదిలో కంప్యూటర్ ఎలాంటిది?"

"ఆ ఆఫీసులో కొత్తదంటే గోడ మీది కేలండరే," అన్నాడు తమ్ముడు. "మొన్న కూడా ఇంతే గట్టిగా చెప్పావక్కా."

అది న్యాయమైన మాట.

"మొన్న నేను చూడలేదురా, భయపడ్డాను," అంది. "అందుకే ఇవాళ నా మాట నమ్మకు. పెట్టె తెస్తున్నా. బ్రేకు పడిందో లేదో ఇది చెప్పదు. నువ్వు తొక్కావని చెబుతుంది. అదైనా నీ కళ్లతో చూసుకో, ఆ తర్వాత నీ ఇష్టం."

బస్సులో డ్రైవరు వెనక సీటులో కూర్చుంది. ఒళ్లో సంచి, సంచిలో వేడి ఇంకా ఆరని మూడో పెట్టె. ఎదుటి అద్దంలో డ్రైవరు కళ్లు కనిపిస్తున్నాయి. ఆయన రెప్ప వాల్చినప్పుడల్లా ఆమె చేయి సీటు కమ్మీని బిగించి పట్టేది, లేపినప్పుడు వదిలేది. రెండుచోట్ల దారి కిక్కిరిసి బస్సు నిలిచిపోయింది. దిగేసరికి ఎనిమిది నిమిషాలే మిగిలాయి.

తమ్ముడు గేటు బయట నిలబడి ఉన్నాడు, కుడిచేయి చొక్కా జేబు మీద. కాగితం అంచు కనిపిస్తోంది. ఆమె సంచిలోంచి పెట్టె తీసి చూపించింది. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తెర ఏదక్కా?"

మూడు పెట్టెలకు మూడు లోపాలు వెదికిన డేగకు తెర సంగతి తట్టలేదు. తమ్ముడు ఆమె ముఖం చూసి, ఇన్ని రోజుల్లో మొదటిసారి నిజంగా నవ్వి, గేటు పక్క వాచ్‌మన్ గది వైపు తల ఊపాడు. లోపల గోడకు చిన్న టీవీ ఉంది.

వాచ్‌మన్ గొణుగుతూనే టీవీకున్న తీగ తీసి ఇచ్చాడు. "అయిదు నిమిషాలే. అయ్యగారొస్తే నా ఉద్యోగం పోద్ది."

"అయితే ఇద్దరం కలిసే వెతుక్కుందాంలే అన్నా," అన్నాడు తమ్ముడు.

తెర వెలిగింది. ఇంజను రొద గదిని నింపింది. మూలన అంకెలు కదలసాగాయి: మూడు, నాలుగు, అయిదు. ఆమె పక్కకు చూసింది. తమ్ముడు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, పళ్లు బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"కళ్లు తెరువురా," అంది.