గాలి వైపు లైను

మా రోడ్డు మీద మంచు ఎవరినీ చంపదు. వెనకాల వచ్చేవాడు చంపుతాడు. ముప్పై ఏళ్ళు ట్రక్కు తోలాక నాకు గట్టిగా తెలిసింది ఈ ఒక్క ముక్కే. ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళే గానీ వినేవాళ్ళు లేరు. ఆరేళ్ళ కిందట నా మొగుడు ఆర్లెన్ ఎల్క్ పర్వతం దగ్గర, ముందు బండికి వంద అడుగుల ఎడంలో, పద్ధతిగా ఆగాడు. వెనకాలవాడు ఆగలేదు. ఆర్లెన్ తప్పేమీ లేదని పోలీసులు కాగితం కూడా ఇచ్చారు. దాన్ని నేనేం చేసుకోను?

అసలు అక్కడ రోడ్డు వెయ్యొద్దని పశువులు కాసేవాళ్ళు మొదట్లోనే మొత్తుకున్నారట. గాలి సంగతి వాళ్ళకి తెలుసు, ఇంజినీర్లకి తెలీదు. వేశారు. ఇప్పుడు ప్రతి చలికాలం ఆ గాలికి పన్ను కడుతున్నాం.

మార్చి మొదటి వారంలో ఒక ఉదయం లారమీ ఊరి చివర ట్రక్కుల హోటల్లో చిల్లీ అనే బీన్స్, మాంసం కూర గిన్నెలో దాల్చినచెక్క రొట్టె ముంచుకుని తింటున్నాను. కోల్బీ వచ్చాడు. నా కొడుకు వయసుంటుంది, ట్రక్కుని పందెపు గుర్రంలా తోలుతాడు, నోరు ఇంకా వేగం. మామ్మ బయల్దేరకముందే మనం పోవాలర్రా, లేకపోతే వసంతం దాకా ఆవిడ వెనకే ఉంటాం అని నన్ను చూపిస్తూ అందరికీ వినపడేలా అన్నాడు. హోటలంతా నవ్వింది. నీ ట్రెయిలరూ ఖాళీ, నీ తలకాయా ఖాళీ, గాలి దేన్ని ముందు ఎగరేస్తుందో చూద్దాం అన్నాను. అప్పుడు ఇంకా గట్టిగా నవ్వారు. వాడూ నవ్వాడు, అది వేరే సంగతి.

నాకు మాత్రం లోపల నవ్వు లేదు. మా కంపెనీవాళ్ళు ప్రతి ట్రెయిలర్ వెనకా ఒక ఫోన్ నంబరు రాయిస్తారు, ఈ డ్రైవరు ఎలా నడుపుతున్నాడో చెప్పండి అని. ఆ చలికాలంలో నా మీద రెండు ఫిర్యాదులు వెళ్ళాయి. వేగంగా వెళ్ళానని కాదు, నెమ్మదిగా వెళ్ళానని. నన్ను ఫోన్లో అదిలించే కుర్రాడి పేరు బ్రాడెన్. దక్షిణాన ఎక్కడో చలి ఎరగని ఊళ్ళో కూర్చుంటాడు, మర్యాదకి మాత్రం తక్కువ చెయ్యడు. మూడోది వస్తే బండి తాళం బల్ల మీద పెట్టాలి నోరీన్ గారూ అని చెప్పాడు. ఆలస్యం అమృతం విషం అనే జాతి వాడిది. నిదానమే ప్రధానం అనే జాతి నాది. మా ఇద్దరికీ పొసగదు.

పదిన్నరకి బయల్దేరాను. రోడ్డు మూసే గేటు ఇంకా పడలేదు. గేటు పడలేదంటే రోడ్డు బాగున్నట్టే అని మావాళ్ళకి ఒక గుడ్డి నమ్మకం. గేటు వేసేవాడూ మనిషే, కబురు చేరాక కదా వేస్తాడు! పైన ఆకాశం నీలంగా ఉంది, చుక్క మంచు కురవడం లేదు. కింద గాలి మాత్రం బీళ్ళలో పడి ఉన్న మంచునంతా ఎత్తి రోడ్డు మీద పోస్తోంది. ఒక నిమిషం అంతా కనిపిస్తుంది, మరు నిమిషం నా బండి ముక్కే నాకు కనిపించదు. గంటకి నలభై మైళ్ళలో పోతున్నాను. ముందుకి దాటేవాళ్ళ కోసం ఉన్న ఎడమ లైనులో కార్లు డెబ్భైలో నన్ను దాటిపోతున్నాయి.

అప్పుడు ట్రక్కులవాళ్ళం మాట్లాడుకునే రేడియోలో ఎదురు రోడ్డు డ్రైవరు ఒకాయన గొంతు వినిపించింది. పడమటికి పోయేవాళ్ళు ఎక్కడున్నా ఆగండి, ఎల్క్ పర్వతం దిగువన రెండు ట్రక్కులు అడ్డంగా పడ్డాయి, వాటిని ఇంకా గుద్దుతూనే ఉన్నారు, ఏమీ కనబడటం లేదు అన్నాడు. ఆ చోటికి నేను పదకొండు మైళ్ళలో ఉన్నాను. మధ్యలో దిగిపోవడానికి ఉన్న ఒక్క దారీ మంచుతో పూడిపోయింది.

నేను ఆగగలను. నాకు ఆగడం వచ్చు, ఆర్లెన్‌కీ వచ్చేది. నా వెనక, నా పక్కన డెబ్భైలో పోయేవాళ్ళ సంగతేమిటి? కార్లలో ఈ రేడియో ఉండదు కదా. వాళ్ళు పాటలు వింటూ తిన్నగా పోయి ఆ ఇనుములో పడతారు.

రెండు లైన్లనీ రెండు ట్రక్కులతో మూసి, పక్కపక్కనే నడుస్తూ, వేగం కొంచెం కొంచెంగా చంపాలి. పాత డ్రైవర్లు చేసేవాళ్ళు. చట్టం ఒప్పుకోదు. పైగా దానికి రెండో ట్రక్కు కావాలి. అద్దంలో చూస్తే ఎడమ లైనులో నన్ను దాటడానికి వస్తున్నది ఎవరనుకున్నారు? కోల్బీ. వాడి ఖాళీ ట్రెయిలర్ గాలికి ఇటూ అటూ ఊగుతోంది. గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడం అంటే ఇదే అనుకుంటూ రేడియో అందుకున్నాను.

"కోల్బీ, విన్నావా?"

"విన్నా. గేటు పడలేదుగా మామ్మా."

"గేటు గొడవ ఎందుకు, నీ ట్రెయిలర్ చూసుకో."

అద్దంలో వాడి బండి వేగం తగ్గింది. చూసుకున్నట్టున్నాడు.

"గాలి ఎడమ నుంచి వస్తోంది. ఆ లైను నాకియ్యి," అన్నాను. "నా బండిలో నలభై వేల పౌండ్ల బీన్స్ డబ్బాలున్నాయి, గోడలా కాస్తా. నువ్వు కుడి పక్కన నా చాటున నడువు. ఇద్దరం కలిసి పదిహేనుకి దించుదాం. మనల్ని దాటి ఎవడూ పోకూడదు."

"అది నేరం."

"అవును."

"నీ ఉద్యోగం పోతుంది మామ్మా. ఆ మూడో ఫిర్యాదు సంగతి అందరికీ తెలుసు."

"పోతే నాది పోతుంది. వస్తావా, రావా?"

వాడు వెనక్కి తగ్గి నాకు ఎడమ లైను వదిలాడు, నేను అందులోకి జరిగాక కుడి పక్కనుంచి వచ్చి నా సరసన నిలిచాడు. నా బండి చాటుకి రాగానే వాడి ట్రెయిలర్ ఊగడం మానింది.

బ్రేకు ముట్టుకోకు, కాలు తీసి గేరు దించు, నా అద్దం చూస్తూ నడువు అని చెప్పాను. మంచు మీద బ్రేకు తొక్కితే ట్రెయిలర్ మడుచుకుని మన పక్కకే వచ్చేస్తుంది. ముప్పై అయిదు. ముప్పై. రెండు బండ్లకీ హెచ్చరిక దీపాలు వేశాం. ఇరవై అయిదు. వెనక హారన్లు మొదలయ్యాయి. వెండి రంగు పికప్పు ఒకటి రోడ్డు అంచున మట్టిలోకి దిగి నన్ను దాటబోయింది. నేను అటు అర చక్రం జరిగాను. వెనక్కి పోయాడు గానీ హారను మీద చెయ్యి తియ్యలేదు. నా బూతులు వాడికి వినపడకపోవడం వాడి అదృష్టం.

ఫోన్ మోగింది. బ్రాడెన్.

"నోరీన్ గారూ, మీ మీద తొమ్మిది ఫోన్లొచ్చాయి."

"నా వెనక రెండు లైన్లూ నిండి ఉన్నాయి నాయనా, ఇంకా వస్తాయి."

వెంటనే కుడికి జరగమన్నాడు. ముందు ప్రమాదం ఉందన్నాను. తన తెరమీద రోడ్డు తెరిచే ఉన్నట్టు చూపిస్తోందన్నాడు. ఇది ఆజ్ఞ అనుకోండి, ఇది మూడో ఫిర్యాదు అన్నాడు.

"జరగను. తొమ్మిదీ కలిపి మూడోదిగా రాసుకో."

ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. ఆర్లెన్ పోయాక ఇల్లు అమ్మేశాను. ఆ సీటు, దాని వెనక ఉన్న పరుపు తప్ప నాకు వేరే ఇల్లు లేదు. యాభై తొమ్మిదేళ్ళ ఆడదానికి ఇంకో కంపెనీ పిలిచి ట్రక్కిస్తుందా? ఇవ్వదు. అదంతా తెలిసే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. పదిహేను.

తెల్లటి గోడలోకి దూరాం. కోల్బీ ఎక్కడున్నాడో వాడి దీపాల వల్లే తెలుస్తోంది. ఒక్కసారిగా ముందు ఎర్రటి వెలుగు, అడ్డంగా పడి ఉన్న ట్రెయిలర్ కడుపు, దాని కింద ఒక కారు. ఆపు అన్నాను. మెల్లగా, ఇద్దరం ఒకేసారి, అరవై అడుగుల ఎడంలో ఆగాం.

ఇప్పుడు వెనకాలవాడి వంతు. తల సీటుకి ఆనించి, పళ్ళు బిగించి, దెబ్బ కోసం చూశాను. ఆర్లెన్ కూడా ఇలాగే చూసి ఉంటాడు. పది లెక్కపెట్టాను. ఇరవై. దెబ్బ రాలేదు. ఇరవై నిమిషాలుగా మోగుతున్న హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎవరో నా తలుపు కొట్టారు. పికప్పు మనిషి, దెబ్బలాటకి వచ్చాడు. నోరు తెరిచి, నా బండి ముందుకి చూసి, తెరిచిన నోరు అలాగే ఉంచాడు. బండ్ల మధ్య నిలబడకు, నీ పికప్పులోకి పోయి బెల్టు పెట్టుకుని కూర్చో అన్నాను. కదల్లేదు.

"తిట్టేదేదో రేపు ఫోన్లో తిట్టు. నంబరు నీ దగ్గరుందిగా," అన్నాను. అప్పుడు వెళ్ళాడు.

మా ముందు గుద్దుకున్న బండ్లు ముప్పై నాలుగు. ఇద్దరు పోయారు. వాళ్ళని నేను కాపాడలేకపోయాను, ఆ మాట కూడా చెప్పుకోవాలి. మా వెనక డెబ్భై ఒకటి ఆగాయని పోలీసాయన నడుచుకుంటూ లెక్కపెట్టాడు. ఒక కారు రెండు రోడ్ల మధ్య ఉన్న గుంటలోకి జారింది. అందులో ఉన్నావిడకి కాఫీ ఒలికి చెయ్యి కాలింది, అంతే.

నాలుగు రోజులకి కంపెనీవాళ్ళు పిలిచారు. బ్రాడెన్ పై అధికారి కాగితం జరిపాడు. నేను పొరపాటు చేశాననీ, ఇకపై ఎప్పుడూ అలా చెయ్యననీ అందులో ఉంది. సంతకం పెడితే అన్నీ మర్చిపోతామన్నాడు, పెద్ద మనసు చేసుకున్నట్టు. నాకు ఒళ్ళు మండింది. సంతకం పెట్టే చోట 71 అని రాశాను. ఇదేమిటన్నాడు. గాలి లేస్తే మళ్ళీ చేస్తాను, నాకు గుర్తుండాల్సిన అంకె ఇదే అన్నాను. తాళం బల్ల మీద పెట్టి వచ్చేశాను. మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరగలేదు.

నవంబరులో గాలి మళ్ళీ లేచింది. ఆ ఉదయం అదే కొండ దగ్గర నా వెనక ముప్పై బండ్లు చేరాయి. రేడియోలో కోల్బీ గొంతు వినిపించింది, ముందున్నది ఎవరో గానీ కొంచెం కాళ్ళు కదపొచ్చు కదా అని గొణుగుతున్నాడు.

"నేనే," అన్నాను.

"మామ్మా? నువ్వా? ఏం తోలుతున్నావు?"

"రాష్ట్ర ప్రభుత్వపు మంచు తోసే బండి. డ్రైవర్లు దొరక్క ఏడుస్తున్నారు, అడగ్గానే ఇచ్చారు. దీన్ని దాటిపోతే ఇప్పుడు నేరం నీది."

కాసేపు నవ్వాడు. ఫిర్యాదు చేద్దామంటే వెనక నంబరు కనబడదేం అని అడిగాడు.

"రాయలేదు," అని చెప్పి, బండి ముందున్న ఇనుప కత్తి రోడ్డు మీదకి దించి, రెండు లైన్ల మధ్యగా ఇరవై అయిదులో పోనిచ్చాను.