టాపు అంచున ఎర్ర పోగు

పొద్దుటి మంచు తాగిన నూలు వాసన...

తడిసిన నూలుగుడ్డకు ఒక వాసన ఉంటుంది. కొంచెం గంజి, కొంచెం రంగు, కొంచెం మట్టి. సూరత్‌లో ఆ వాసన ఎరిగినవాళ్లు తక్కువ. ఇక్కడ ఊరంతా పాలిస్టరే. దాన్ని ఎంత తడిపినా ఏ వాసనా రాదు.

నేతింటి బిడ్డ స్వరాజ్యం ఎరుగును.

అడాజన్ పేటలో మైదానం. రిపబ్లిక్ డే. పాత బండ్ల ప్రదర్శన. వరుసలో ఐదోది వాళ్ల జోంగా – ఒకప్పుడు సైన్యం తోలిన జీపు. ముదురాకుపచ్చ ఒళ్లు, ముదురాకుపచ్చ గుడ్డ టాపు. చుట్టూ తాడు కట్టారు. తాడు లోపల ఆమె భర్త నర్సింగం, ఇస్త్రీ చొక్కాలో, పెళ్లికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాడు.

తాడు బయట, నీళ్ల క్యాను పక్కన, స్వరాజ్యం.

ఎనిమిదేళ్లు పట్టింది.

నర్సింగం మగ్గాల మెకానిక్. కడోదరా రోడ్డు పక్క తుక్కు కొట్టులో దాన్ని చూశాడు. చక్రాలు లేవు, సీట్లు లేవు, అడుగు రేకు తుప్పు తిని ఊడిపోయింది. ఏం చూసి మోజుపడ్డాడో ఆ దేవుడికే తెలియాలి. భేస్తాన్‌లో అద్దె ఇంటి ముందుకు లాక్కొచ్చి పెట్టాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో ముగ్గురు. ఇద్దరు మనుషులు, ఒక బండి.

పెద్దపీట బండిదే.

ఆదివారాలన్నీ దానివి. పండగలు దానివి. ఆయన బండి కింద దూరితే పానాలు అందించింది స్వరాజ్యం. లైటు పట్టుకుంది. గ్రీజు చొక్కాలు సోడా వేసి ఉడకబెట్టింది. బోల్టు బిగుసుకుంటే ఇద్దరూ కలిసి తిప్పారు – ఒక పానా మీద నాలుగు చేతులు. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. అబద్ధమెందుకు, ఆ నవ్వులు నిజమే.

ఆఖరికి టాపు మిగిలింది.

బజారంతా తిరిగాడు. ఏ గుడ్డా నచ్చలేదు. "ఇది పిలగాండ్ల ఆటబొమ్మ గాదు. మిలిట్రీది. నూలుదే గావాలె," అని మొండికేశాడు.

దీపావళి వచ్చింది. కార్ఖానాలు మూతపడ్డాయి. మగ్గాల మీది జనం మూటలు సర్దుకుని రైళ్లెక్కారు. సిరిసిల్ల నుంచి ఆమె తమ్ముడు రోజూ ఫోన్ – ఎప్పుడొస్తవక్కా, ఎప్పుడొస్తవ్...

ఆమె పోలేదు.

తను పనిచేసే కార్ఖానా సేఠ్‌ను బతిమాలుకుంది. మూలనున్న పాత మగ్గం సెలవులకు ఇమ్మంది. ముతక నూలు తెప్పించి పెద్ద గంగాళంలో రంగు ఉడికించింది. మొదటిసారి నల్లబడింది. రెండోసారి పసుపు తేలింది. మూడోసారి ఆరిన పోగును బానెట్ మీద ఆనించి చూస్తే – కలిసిపోయింది. ఎక్కడ రేకు, ఎక్కడ నూలు, తెలియలేదు.

పదకొండు రోజులు నేసింది. అంత పెద్ద కార్ఖానాలో, అన్ని మగ్గాలూ నోరు మూసుకుని కూర్చుంటే, ఒక్క దాని చప్పుడు. వేళ్ల చివర్లు పగిలాయి. రంగు గోళ్లలోకి దిగి సంక్రాంతి దాకా పోలేదు.

నిలువు పోగుల పడుగు పోసేటప్పుడు, అంచు చివర ఒక ఎర్ర పోగు వేసింది.

ఒక్కటే.

ఆలోచించి వేసింది కాదు. ఆమె నాయన మగ్గం మీద దిగిన ప్రతి గుడ్డకూ అంచున ఒక ఎర్ర పోగు ఉండేది. చేనేత సంఘంలో గుట్టలుగా పోసిన బట్టల్లో ఏది ఎవరి చేతిదో తెలియాలి కదా. చదువురాని మనిషికి సంతకం అదే. నేసేది తమ గుడ్డయితే ఆ ఇంటి చేతులు ఎర్ర పోగు వేస్తాయి. సేఠ్ గుడ్డకు ఆమె ఏనాడూ వేయలేదు. దీనికి వేసింది.

నర్సింగం టాపు నిమిరి చూశాడు. గోటితో మీటి చూశాడు. "అబ్బ! ఏం నేసినవే! చూసినోళ్లందరికి చెప్త – టాపు మా ఆమె నేసిందని."

ఆ ఒక్క మాట వినడానికే ఇవాళ వచ్చింది. ఇంకేమీ అక్కర్లేదు. ఆయన నోట, నలుగురిలో, ఒక్కసారి.

జనం వస్తున్నారు. ఫోటోలు దిగుతున్నారు. నర్సింగం చెబుతున్నాడు – ఇంజను ఎలా బతికించాడో, దీపాలు ఎక్కడ దొరికాయో, అడుగు రేకు ఎన్నిసార్లు అతికించాడో. ప్రతిదానికీ ఒక కథ. స్వరాజ్యం నీళ్ల గ్లాసు పట్టుకుని వింటోంది. ఇంజను అయింది... చక్రాలు అయ్యాయి... సీట్లు... ఇక టాపు.

"టాపు అసలు నూలుది," అన్నాడు. అంతే.

రెండో గుంపు వచ్చింది. "టాపు చేయించిన," అన్నాడు.

చేయించాడట.

మూడో గుంపుకు టాపు ఊసే ఎత్తలేదు. పోనీలే, అనుకుంది స్వరాజ్యం. పెద్దవాళ్లు వచ్చినప్పుడు చెబుతాడు. బహుమతి ఇచ్చేవాళ్లు వచ్చినప్పుడు తప్పకుండా చెబుతాడు. ఎనిమిదేళ్లు ఆగిన మనిషికి ఇంకో గంట ఎంత?

వాళ్లు వచ్చారు. ముగ్గురు. చేతుల్లో కాగితాలు.

ఇంజను చూసి తలలూపారు. దీపాలు చూసి ఏదో రాసుకున్నారు. వాళ్లలో పెద్దాయన టాపు దగ్గర ఆగాడు. చేత్తో నిమిరాడు. ఆయనకు గుడ్డ తెలుసు – ఆ నిమరడంలోనే తెలిసింది. స్వరాజ్యం తాడు దగ్గరికి జరిగింది.

ఆయన వేలు అంచు దగ్గర ఆగింది.

"యే లాల్ ధాగా?"

సైన్యం గుడ్డలో ఎర్ర దారం ఎక్కడుంటుందని అడిగాడు. అసలుదానిలా లేదని మార్కు తగ్గించబోయాడు.

నర్సింగం ముఖం పాలిపోయింది. చెయ్యి చాచాడు. తాడు బయటికి... ఆమె వైపు. ఆ ఉదయమంతా ఒక్కసారి చాచని చెయ్యి.

"మేరీ ఔరత్ నే బునా సాబ్. గల్తీ హో గయీ. ఉస్కో క్యా మాలూమ్."

నా పెళ్లామే నేసింది. తప్పయిపోయింది. దానికేం తెలుసు.

అందరూ ఆమె వైపు తిరిగారు.

చెప్పాడు. నలుగురిలో చెప్పాడు. ఆమె కోరుకున్న మాటే – ఆమె నేసిందనే చెప్పాడు.

పెద్దాయన ఏదో అని ముందుకు నడిచాడు. నర్సింగం తాడు కింద నుంచి వంగి వచ్చాడు. "జర ఆ ఎర్ర పోగు గుంజెయ్. రెండింటికి మల్ల వచ్చి చూస్తరట."

"అది గుంజితే అంచు ఇడుస్తదయ్యా..."

"ఒక్క పోగే గదనే! జల్ది."

ఒక్క పోగే.

అటు చివరన అడ్డం పోగుల పేకను పట్టుకుని ఉన్నది ఆ ఒక్క పోగే. అది పోతే అంచు మెల్లగా వదులవుతుంది. ఇవాళ తెలియదు. రేపు తెలియదు. వానాకాలానికి పీచు లేస్తుంది, నీళ్లు దిగుతాయి. అదంతా ఆయనకు మళ్లీ చెప్పాలి.



స్వరాజ్యం రవిక పిన్నీసు తీసింది. టాపు మూల దగ్గర కొనను పైకి లేపింది. నూలు దట్టంగా ఉంది. ఒక్కసారిగా రాదు. జానెడు జానెడు లాగాలి.

లాగింది.

వెనకాల కొత్త గుంపు చేరింది. నర్సింగం గొంతు తేరుకుంది. ఇంజను కథ ఎత్తుకున్నాడు... చక్రాలు... సీట్లు...

"సబ్ అప్నే హాథ్ సే," అంటున్నాడు. అంతా నా చేత్తోనే.

ఆమె ఇంకో జానెడు లాగింది. పోగు ఎక్కడా తెగలేదు.